వాడ వస్తువులు – 6: ఆ బాకా ఊదిందెవరు?



పోయిన భాగంలో రంపె గురించి రాశాను. ఈసారి కొడవలి గురించి రాద్దామనుకున్నాను. కానీ పది రోజుల కింద యూనివర్సిటీలో చదివే ఒక చెల్లి నాకు ఇన్‌బాక్సులో ఫొటో పంపింది. హైదరాబాదులో పాత వస్తువులమ్మే షాపులో తీసిందట. గోడకి తగిలించిన బాకా. దాని కింద చీటీ: ‘వింటేజ్ ట్రంపెట్, 18,000’. “అన్నా, మా తాత బ్యాండులో ఇలాంటిదే ఊదేవాడు. ఫెలోషిప్ డబ్బులొచ్చాయి. కొననా?” అని అడిగింది.

కొను, వద్దు అని ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. అందుకే కొడవలిని పక్కన పెట్టి ఈ భాగం రాస్తున్నాను.

మా ఇంట్లోకి వచ్చిన మొదటి ఇత్తడి వస్తువు బాకాయే. బిందె కాదు, చెంబు కాదు. మా నాయనమ్మ వండింది మట్టి కుండల్లో, తర్వాత సత్తు గిన్నెల్లో. ఇత్తడిని మాత్రం ఆమె రోజూ ముట్టుకునేది. ఆసాముల పెరట్లో వాళ్ళ బిందెలకి చింతపండు పట్టించి, బూడిదేసి తోమేది. తోమి బోర్లించిన బిందెల మీద ఆ ఇంటావిడ నీళ్ళు చల్లుకుని లోపలికి తీసుకెళ్ళేది. ఇత్తడిని తళతళలాడించిన చెయ్యే ఇత్తడికి మైల.

ఇది మా ఒక్క ఊరి ముచ్చట కాదు. బాబాసాహెబ్ 1936లో అచ్చేసిన ‘కుల నిర్మూలన’ తీసి చూడండి. గుజరాత్‌లో అహ్మదాబాద్ జిల్లా జాను అనే ఊళ్ళో జరిగింది రాశాడు. 1935 నవంబరులో కాస్త కలిగిన అంటరాని కుటుంబాల ఆడవాళ్ళు లోహపు బిందెలతో నీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెడితే, అది తమకి అవమానమని సవర్ణులు వాళ్ళ మీద పడి కొట్టారు. నీళ్ళు ముట్టుకున్నందుకు కాదు, లోహపు బిందె పట్టుకున్నందుకు. మనువు పదో అధ్యాయంలో చండాలుడికి పగిలిన పాత్రల్లో తిండి, ఇనుప నగలు అని రాసిపెట్టాడు. ఎవడి చేతిలో ఏ లోహం ఉండాలో కూడా కులమే చెప్పింది.

అందుకే బాకా మా పేటకి రావడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

మా పెదనాన్న 1974లో పడ్డదూడని అమ్మి ఒక పాత బాకా కొన్నాడు. మిలటరీ బ్యాండులో చేసి వచ్చిన మా పేట పెద్దాయన దగ్గర నేర్చుకున్నాడు. మొదటి మూడు నెలలు ఆయన బాకా చేతికివ్వలేదట. మౌత్‌పీస్ ఒక్కటే ఇచ్చాడు. తెల్లారకముందే చెరువు కట్ట మీదికి పోయి, ఆ చిన్న ముక్కని పెదాలకి ఆనించి ఊదేవాడు. ఊరి మధ్యలో ఊదితే ఊరుకోరు గదా.

బాకా గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. అందులో సన్నాయికున్నట్టు పీక ఉండదు. కంపించేది మనిషి పెదవులే. ఆ కంపనం దాదాపు ఒకటిన్నర మీటరు గొట్టంలో తిరిగి బయటికొస్తుంది. పిస్టన్లు మూడే. మధ్యది నొక్కితే అర స్వరం దిగుతుంది, మొదటిది నొక్కితే ఒక స్వరం, మూడోది నొక్కితే ఒకటిన్నర. మిగతాదంతా పెదవి బిగింపు, ఊపిరి. ఒకే మీట మీద పెదవి బిగించి నాలుగైదు స్వరాలు పలికించాలి. రోజూ సాధన చెయ్యకపోతే పెదవి వదులైపోతుంది. పెదనాన్న పై పెదవి మీద గుండ్రటి అచ్చు ఉండేది. ఊదడం మానేసిన తర్వాత కూడా అది పోలేదు.

ఇప్పుడు ఎంగిలి గురించి మాట్లాడాలి. బాకా కింద ఒక చిన్న మీట ఉంటుంది. ఊదుతుంటే ఊపిరిలోని తడి గొట్టంలో నీరై చేరుతుంది. పాట మధ్యలో ఆగి, ఆ మీట నొక్కి, ఒకసారి గట్టిగా ఊది ఆ నీళ్ళు కింద పోయాలి. లేకపోతే శబ్దం గరగరమంటుంది. పీష్వాల పూణేలో అంటరానివాడి ఉమ్మి నేలమీద పడకుండా మెడలో ముంత కట్టుకుని నడవాలని రూలు. బాబాసాహెబ్ ఆ పుస్తకంలోనే అదీ రాశాడు. మా పెదనాన్న పెద్ద వీధిలో, వాళ్ళ గుమ్మం ముందు, వాళ్ళ ముగ్గు పక్కన నిలబడి, బాకా వంచి ఆ నీళ్ళు దులిపేవాడు. తన పని తాను చేసుకుపోయాడంతే. నాకు మాత్రం ఇప్పుడు తలచుకుంటే ఆ చుక్కల్లో చాలా చరిత్ర కనిపిస్తుంది.

అలాగని పెళ్ళిలో గౌరవమేం దక్కలేదు. మెడలు పట్టేసే ఎర్ర కోటు, దాని మీద జరీ తాళ్ళు. రాజుగారి వేషం, కూలివాడి బతుకు. పందిట్లో సన్నాయి మేళం మంగళవాద్యం. బ్యాండు రోడ్డు మీది వాద్యం. సన్నాయి ఊదే మంగలి సోదరుడికి కూడా ఆ మంగళం పందిరి వరకే, ఆ తర్వాత ఆయన కులం ఆయనకి ఉంది. కానీ గడప లోపల ఎవరు, బయట ఎవరు అన్న లెక్క మాత్రం చెరగలేదు. ఊరేగింపు గుమ్మం దాకా వస్తే మా వాళ్ళు పక్కకి తప్పుకోవాలి. భోజనాలు అందరూ లేచాక. మన భాష కూడా వదిలిపెట్టలేదు చూడండి. ఒకడిని పొగిడి పొట్టపోసుకునేవాడిని ‘బాకా ఊదుతున్నాడు’ అంటాం. ఊపిరితిత్తులు చించుకుని చేసే పనిని భజన కిందికి దింపేశాం.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. 1998లో నేను కాలేజీ హాస్టల్లో ఉన్నాను. తోటి విద్యార్థి అక్క పెళ్ళికి అందరం కలిసి వెళ్ళాం. ఊరేగింపులో ముందు వరుసలో పెదనాన్న ఉన్నాడు. నా పక్కనున్నవాడు ఆ కోటుని చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. పెదనాన్న నన్ను చూశాడు. చూసి, పాట ఆపకుండా, మొహం అటు తిప్పుకున్నాడు. నాకు ఇబ్బంది కాకూడదని ఆయనే నన్ను తెలియనట్టు ఊరుకున్నాడు. బతికినన్నాళ్ళు ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చింది. వేసవి ముహూర్తాలన్నీ పోయాయి. అప్పటికే డీజే బాక్సులు సగం బతుకు లాగేశాయి, మిగిలిన సగం అప్పుడు పోయింది. పెదనాన్నకి మందులు కావాలి. మా అన్న బాకాని పాత సామాన్లవాడికి వేశాడు. కాటా మీద కిలో నూరు గ్రాములు తూగింది. మూడొందల చిల్లర వచ్చింది. ఆ సంగతి నాకు రెండు నెలల తర్వాత తెలిసింది. అన్నని ఏమనగలను? నెల జీతం తీసుకుంటున్నది నేను. నేనొక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది.

కాబట్టి చెల్లీ, నువ్వు 18,000 చీటీ ఫొటో పంపినప్పుడు నా కళ్ళకి కాటా కనిపించింది. కిలో మూడొందల తుక్కుకీ, 18,000 వింటేజ్‌కీ మధ్య ఏం జరిగింది? ఇత్తడి మారలేదు. ఊదినవాడి నోటినుంచి విడిపోయింది. అంతే. మా చేతిలో ఉన్నంతకాలం అది బ్యాండోళ్ళ సామాను. మా చేతి నుంచి పోయాక, పాలిష్ పెట్టి గోడకెక్కిస్తే కళాఖండం.

అమెరికా నల్లవాళ్ళ కథ కూడా చూద్దాం. ఈ విషయంలో వాళ్ళ అనుభవం మనకి దగ్గరది, కొన్ని చోట్ల మనకంటే ముందున్నది.

మైల్స్ డేవిస్ అని గొప్ప ట్రంపెట్ విద్వాంసుడు. ఆయన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డు 1959 ఆగస్టులో వచ్చింది. అదే నెల 25న న్యూయార్క్‌లో బర్డ్‌లాండ్ క్లబ్బులో కచేరీ మధ్య విరామానికి బయటికొచ్చి నిలబడ్డాడు. బయట బోర్డు మీద ఆయన పేరే ఉంది. పోలీసు వచ్చి ఇక్కడినుంచి కదులు అన్నాడు. నేను లోపల వాయిస్తున్నవాడినే అంటే వినలేదు. తల పగిలేట్టు కొట్టి స్టేషన్‌కి తీసుకెళ్ళారు. అరవై ఏళ్ళ తర్వాత, 2019లో, అదే మైల్స్ వాడిన ఒక ట్రంపెట్‌ని న్యూయార్క్‌లోనే క్రిస్టీస్ సంస్థ వేలం వేసింది. మార్టిన్ కంపెనీ చేసిన ‘కమిటీ’ మోడల్. 2,75,000 డాలర్లు పలికింది. మన లెక్కలో దాదాపు రెండు కోట్లు. తలకి లాఠీ, ఇత్తడికి కోట్లు. రెండూ ఒకే ఊళ్ళో.

అయినా ఒక తేడా ఉంది. ఆ ట్రంపెట్‌కి ఆ ధర వచ్చింది మార్టిన్ కంపెనీ ముద్ర వల్ల కాదు, మైల్స్ పేరు వల్ల. న్యూ ఆర్లీన్స్‌లో ఒక మ్యూజియం ఉంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నప్పుడు తుపాకీ పేల్చాడని నల్ల పిల్లల సంస్కరణాలయంలో పెట్టారు. కార్నెట్ ఊదడం అక్కడే పద్ధతిగా నేర్చుకున్నాడు. కార్నెట్ అంటే బాకాకి పొట్టి చెల్లెలు. ఆ రోజుల్లో ఆయన ఊదిన కార్నెట్‌ని ఆ మ్యూజియంలో దాచారు. సొట్టలు పడ్డ పాత ఇత్తడి ముక్కే. కానీ పక్కన పేరుంది, ఆ బడి పేరుంది, ఎందుకు పెట్టారో ఉంది. నల్లజాతి తన వాద్యాన్ని పేరుతో సహా నిలబెట్టుకుంది.

మన దగ్గర చీటీ మీద ‘వింటేజ్ ట్రంపెట్’ అని ఉంది. ఊదినవాడి పేరు లేదు. చేసినవాడి పేరూ లేదు. చేసినవాడి గురించి కూడా చెప్పాలి. మన బ్యాండుల్లో ఊదిన బాకాల్లో చాలావాటి పుట్టిల్లు మీరట్‌లోని జలీ కోఠీ. 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీతో ఆ ఊరు ఇత్తడి వాద్యాలకి పేరు పొందింది. తరతరాల ముస్లిం పనివాళ్ళు రేకుని సుత్తితో కొట్టి, గొట్టం వంచి చేశారు. ముస్లిం చేసినది దళితుడు ఊదితే సవర్ణుడి పెళ్ళి కదిలింది. ఇప్పుడు షాపుల్లో లండన్ ముద్ర ఉంటే వింటేజ్, మీరట్ ముద్ర ఉంటే తుక్కు. పెళ్ళి బ్యాండుల మీద గ్రెగరీ బూత్ అనే అమెరికన్ ఏళ్ళ తరబడి తిరిగి ‘బ్రాస్ బాజా’ అని 2005లో పుస్తకం వేశాడు. మన జిల్లాల బ్యాండుల మీద మన పిల్లలు ఎందుకు రాయకూడదు?

ఇక్కడ కొందరు కామ్రేడ్లు అడ్డుపడతారని తెలుసు. ‘బ్యాండు కూడా కులవృత్తే గదా, దాన్ని తలకెత్తుకోవడమేంటి? బాబాసాహెబ్ ఎంగిలి మెతుకులు, చచ్చిన గొడ్డు వదిలెయ్యమన్నాడు గదా’ అంటారు. న్యాయమైన ప్రశ్న. డప్పు మీద ఈ చర్చ ఎప్పటినుంచో ఉంది. చావుకి వెట్టిగా కొట్టించిన డప్పుని 1994లో ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం మెడకెత్తుకుని ఆత్మగౌరవ వాద్యం చేసింది. ఆ వాదం నేను మళ్ళీ ఎత్తను. బాకా సంగతి వేరు.

బాకాతో ఎవడూ పుట్టలేదు. ఏ శాస్త్రమూ మన మీద రుద్దలేదు. ఏ ఊరి కట్టుబాటూ వెట్టిగా ఊదమనలేదు. మిలటరీ నుంచి, మిషన్ల నుంచి, సర్కసు బ్యాండుల నుంచి మన పెద్దలు చూసి, విని, డబ్బు పెట్టి కొని, నేర్చుకున్నారు. సినిమా పాట విడుదలైన వారానికి దాన్ని చెవితో పట్టి పన్నెండు మందికి పంచి వాయించారు. ముందే బయానా తీసుకుని, రేటు మాట్లాడుకుని చేసిన పని అది. కులం తర్వాత దాని వెంటపడి వచ్చి రోడ్డు మీద నిలబెట్టింది. కాబట్టి వదిలెయ్యాల్సింది లేచాక పెట్టే భోజనాన్ని. విద్యని వదిలిపెడితే నష్టం మనకే. మన పిల్లలు బ్యాండు పనే చెయ్యాలని నేననను. చదువుకోండి, ఏ ఉద్యోగమైనా చెయ్యండి. కానీ మన తాతలకి తెలిసిన విద్య ఏమిటో మనకి తెలియకుండా పోకూడదు.

ఇక కొనే సంగతి. మా పెదనాన్న, ఆయన తోటివాళ్ళ దగ్గర విన్నవీ, నేను తర్వాత నేర్చుకున్నవీ చెప్తాను.

తళతళలాడే పాత బాకాని ముందు అనుమానించు. యంత్రం మీద పెట్టి రుద్దితే రేకు పలచబడుతుంది, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. మాసిన ఇత్తడే నిజం చెప్తుంది.

మౌత్‌పీస్ పెట్టే గొట్టాన్ని వెలుగులో చూడు. గులాబీ రంగు చుక్కలుంటే జాగ్రత్త. ఇత్తడి అంటే రాగి, జింకు. ఏళ్ళ తరబడి ఊపిరి తడికి జింకు కరిగిపోయి రాగి మిగులుతుంది. లోపలినుంచి కుళ్ళుతుందన్నమాట. ఆ గొట్టం మార్చడానికి ఖర్చవుతుంది. కానీ ఆ చుక్కలంటే ఒక మనిషి ముప్పై ఏళ్ళు ఊదాడని కూడా అర్థం.

మూడు పిస్టన్లూ నొక్కి చూడు. ఎత్తిన వేలితో పాటు లేచి రావాలి. తర్వాత పిస్టన్ నొక్కకుండా దాని పక్క గొట్టాన్ని కొంచెం బయటికి లాగి, అప్పుడు నొక్కు. ‘టప్’మంటే గాలి బిగువుగా ఉన్నట్టు. ఏ చప్పుడూ రాకపోతే పిస్టన్ అరిగిపోయింది. సొట్టల్ని మేస్త్రీ తీసేస్తాడు. అరిగిన పిస్టన్‌ని బాగుచెయ్యడం కష్టం.

మధ్య పిస్టన్ గొట్టం మీద నంబరు ఉందేమో చూడు. పేరున్న కంపెనీలు అక్కడే వేస్తాయి. దాన్నిబట్టి ఏ కాలానిదో తెలుసుకోవచ్చు. నంబరూ పేరూ లేకుండా, పిస్టన్లు కదలకుండా ఉంటే అది గోడ కోసమే చేసిన బొమ్మ బాకా కావచ్చు.

పాత ఇంగ్లీషు కార్నెట్ దొరికితే శృతి చూడు. బ్రిటిష్ బ్యాండులు 1960ల దాకా ఎత్తు శృతిలో వాయించాయి. అలాంటిది ఇవాళ్టి కీబోర్డుతో కలవదు. ఒంటరిగా ఎంత బాగున్నా పదిమందిలో వేరుపడిపోతుంది.

ఇవన్నీ అయ్యాక ఒక ప్రశ్న అడుగు. అన్నిటికంటే ముఖ్యం ఇదే: ‘ఇది ఎవరి దగ్గర కొన్నారు? ఊదిందెవరు?’ షాపువాడికి తెలియకపోవచ్చు. అయినా అడుగు. పదిమంది అడిగితే పదకొండోసారి కొనేటప్పుడు వాడు అమ్మేవాడి పేరు రాసుకుంటాడు. చాలా బాకాల మీద మేకుతో గీసిన అక్షరాలుంటాయి. బ్యాండు పేరో, ఊరి పేరో, ఇంటిపేరు మొదటి అక్షరమో. పాలిష్‌లో మొదట పోయేవి అవే. అవి కనిపిస్తే ఫొటో తీసుకో. కొనకపోయినా ఫొటో తీసుకో.

కొంటే మాత్రం గోడకి తగిలించకు. ఒక పిల్లాడికో పిల్లకో ఇచ్చి ఊదించు. ఊదని బాకాలో పిస్టన్లు పట్టేస్తాయి. ఏప్రిల్ 14న మన ఊరేగింపులకి ఎన్ని డీజే బాక్సులకి డబ్బులు కడుతున్నామో లెక్కేసుకుందాం. అందులో కొంత మన వాడ బ్యాండుకే ఇద్దాం. ముందు వరుసలో నడిపిద్దాం, అందరితో పాటు కూర్చోబెట్టి అన్నం పెడదాం. విద్యార్థి సంఘాల్లో ఉన్నవాళ్ళు ఈ సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు ఒక్క బ్యాండు పెద్దాయన దగ్గర కూర్చోండి. పేరు, గురువు పేరు, బాకా ఎక్కడ కొన్నాడు, ఎంతకి, మొదట నేర్చుకున్న పాట ఏది. ఫోన్‌లో రికార్డు చేస్తే చాలు.

మా పెదనాన్నని నేను ఇవేవీ అడగలేదు. 2021లో పోయాడు. పేటలో పదిమంది కుర్రాళ్ళు ఆయన్ని బ్యాండుతోనే సాగనంపారు. ఆయన మొదట నేర్చుకున్న పాట ఏదో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

చెల్లీ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. ‘మా తాత ఊదేవాడు’ అని రాశావు. తాత ఉన్నాడా? ఉంటే ముందు బస్సెక్కి ఆయన దగ్గరికి వెళ్ళు. ఆ ఫొటో చూపించు. అది కొనదగ్గదో కాదో నాకంటే ఆయన బాగా చెప్తాడు. మంచిదే అంటే ఆయన్నే షాపుకి తీసుకెళ్ళు. అంత దూరం రాలేనంటే, ఆయన చెప్పేది రికార్డు చేసుకుని రా. బాకా వారం ఆగుతుంది.

వచ్చే భాగం: కొడవలి.

జై భీమ్.